ఇంటి వేడిని కొలుచు ఉద్యోగము

పత్తికొండ నుండి మా చందాదారురాలగు ఒక సోదరి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా బల్లపై నున్నది. వారి అమ్మాయి మెకానికల్ ఇంజనీరింగు చదివి, పైచదువును ముగించి, భవనముల శక్తివ్యవస్థలను పరిశోధించు ఇంజనీరుగా ఒకచోట ఎన్నికయ్యెనట. ఆ మాట విన్న పెదనాయనగారు "ఇండ్లు కట్టించు మేస్త్రిపనికి ఆడపిల్లకు ఇంత చదువెందుకు?" అనిరట. మేనమామగారు "కరెంటు బిల్లులు సరిచూచు గుమాస్తాపని కాబోలు" అనిరట. "అమ్మాయి చెప్పినదానిలో నాకు సగమే తెలిసినది. ఆ పని యెట్టిది? మా వంటివారి ఇండ్లకు దానివలన ఏమైన మేలు కలదా, లేక పట్టణములలోని అద్దాల మేడలకేనా? ఈ రెండును తెలిసినగాని పిల్లను దూరము పంపుటకు నా మనసు ఒప్పదు" అని ఆ తల్లి వ్రాసిరి.

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. రెండవది కొంత కష్టము. అందుచేత ఈ నెల మాకిచ్చిన పుటలన్నియు ఈ సంగతికే వినియోగించుచున్నాము.

మేస్త్రి ఇల్లు నిలుచునట్లు చూచును. కరెంటు పనివాడు దీపము వెలుగునట్లు చూచును. ఇంటిలోనికి వేడి ఎంత వచ్చినది, ఏ దారిని వచ్చినది, ఎంతసేపు నిలిచినది, దానిని వెళ్లగొట్టుటకు ఎంత కరెంటు ఖర్చయినది అని లెక్క చూచువారు వీరు. గృహిణి పాలపద్దు, చాకలిపద్దు వ్రాసికొన్నట్లే వీరు వేడికి జమాఖర్చు వ్రాయుదురు. జమవైపున ఎండ, పొయ్యి, దీపములు, మనుష్యుల దేహములు ఉండును. ఖర్చువైపున కిటికీగాలి, రాత్రి ఆకాశము, ఏసీ యంత్రము ఉండును. (ఊరక కూర్చున్న మనిషి యొంటినుండి వెలువడు వేడి ఇంచుమించు నూరు వాట్ల బల్బు వేడితో సమానము. పెండ్లిపందిరిలో ఉక్కపోతకు ముహూర్తమును తిట్టుకొనువారు ఈ సంగతి గమనింపవలెను.) పద్దు కలియనిచోట కారణము వెదకి, దానిని సవరించు ఉపాయమును కనిపెట్టుటయే పరిశోధన.

ఇక మన ఇండ్ల మాట. పత్తికొండ యనగానే చరిత్ర చదివినవారికి 1827 జూలైలో కలరా సోకి అచ్చట మరణించిన మన్రో దొర గుర్తునకు వచ్చును. బజారు తెలిసినవారికి టమాటలు గుర్తునకు వచ్చును. మాకు మాత్రము అచ్చటి మిద్దెలు గుర్తునకు వచ్చినవి. కర్నూలు, కడప సీమలలో పాత ఇల్లనగా మట్టిమిద్దె. రాతిగోడలు రెండడుగుల మందము. పైన దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెయో బండయో పరచి, ఆకు అలము వేసి, మట్టి త్రొక్కి, అన్నిటికిని పైన చవుడు పోయుదురు. చవుటిమట్టి తడిసినపుడు బిగిసి, నీటిని క్రిందికి దిగనీయదు. కప్పు నడుమ గవాచి యను కంత యుండును. అందుండి వెలుతురు దిగును, పొయ్యిపొగ పోవును, వాన వచ్చినపుడు దానిపై మూత వేయుదురు. ఆ మిద్దె ప్రక్కనే కొడుకో మనుమడో కట్టిన కాంక్రీటు ఇల్లు. దాని కప్పు మందము నాలుగైదు అంగుళములు. గోడ తొమ్మిది అంగుళములో, అంతకు తక్కువయో.

వేసవిలో ఈ రెండిండ్లకును గల భేదము పసిపిల్లకు కూడ తెలియును. కాని ఎందుచేత, ఎంత అని చెప్పవలెనన్న కొలత కావలెను.

మే నెలలో మిట్టమధ్యాహ్నము చదరపు మీటరు కప్పుపై పడు ఎండ ఇంచుమించు వేయి వాట్లు. అనగా ఒక ఇస్త్రీపెట్టె వేడి. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదికప్పుపై పదునొకండు ఇస్త్రీపెట్టెలు పరచి స్విచ్చి వేసినట్లు ఊహించుకొనుడు. రంగు వేయని కాంక్రీటు ఇందు మూడింట రెండువంతుల ప్రాంతము పీల్చుకొనును. అందు కొంత బయటిగాలికి పోగా మిగిలినది అడుగునకు దిగుటకు మూడు నాలుగు గంటలు పట్టును. ఒంటిగంట ఎండ సాయంకాలము నాలుగైదింటికి గదిలో తేలును. ఆపైన చాలరాత్రి వరకు ఆ కప్పు వేడెక్కిన పెనమువలె మన నెత్తిపై ఉండును. ఫ్యాను తిరుగుచునే యుండును. కాని అది ఆ పెనము క్రింది గాలినే మనపైకి తోయును. గాలియొక్క వేడి వేరు, కప్పునుండి కిరణములుగా మన దేహముపై పడు వేడి వేరు. గోడకు తగిలించిన ధర్మామీటరు మొదటిదానినే ఎక్కువగా చూపును. రెండవదానిని పట్టుటకు ఇంజనీరు నల్లరంగు పూసిన బోలుగోళములో ధర్మామీటరు నుంచి, గది నడుమ వ్రేలాడదీయును. "గదిలో ముప్పదినాలుగు డిగ్రీలే కదా, పడుకొనరాదా?" అను భర్తలకు ఆ నల్లగోళమును చూపవలెను.

కప్పుకు పైనను క్రిందను ఒక్క డిగ్రీ తేడా యున్నపుడు చదరపు మీటరు గుండా ఎన్ని వాట్లు దిగునో, ఆ సంఖ్యయే ఆ కప్పుయొక్క గుణము. ఉత్త కాంక్రీటు కప్పుకది మూడున్నర ప్రాంతము. అడుగు మందమునకు మించిన ఎండుమట్టి కప్పుకు, మట్టిరకమును బట్టి కొంత మారినను, ఉజ్జాయింపున అందు మూడవవంతు. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖవారు వెలువరించిన ఎకో నివాస్ సంహిత యను గృహనియమావళి, కొత్త ఇండ్ల కప్పుకు ఈ సంఖ్య 1.2 మించరాదని చెప్పినది. చూచితిరా! ఢిల్లీలో నిపుణులు కూర్చుండి నిర్ణయించిన హద్దు, పత్తికొండ అవ్వ చవుడు పోయించిన మిద్దెకు ఇంచుమించు దగ్గరనే యున్నది. అయితే ఆ నియమావళి అయిదువందల చదరపు మీటర్లును అంతకు పైబడినట్టియు స్థలములలోని కట్టడములను ఉద్దేశించినది. సందులోని మూడు సెంట్ల ఇంటికి అది అన్వయింపదు.

ఇంత చెప్పితిమి గనుక మట్టిమిద్దెలకు మరలుడని మా ఉద్దేశమని తలపవలదు. తొలకరికి ముందు చవుటితట్టలను నిచ్చెనమీదుగా మోసినదెవరు? ఇంటి ఆడవారే. ముసురు పట్టినపుడు ఏ మూల కారునో యని రాత్రంతయు గిన్నెలు మార్చినదెవరు? తేళ్లును, జెర్రులును దంతెల సందున కాపురముండును. నాలుగు దినములు విడువక కురిసినచో నానిన మిద్దె కూలి, నిద్రలోనున్నవారు మరణించిన వార్తలు రాయలసీమనుండి ఏటేట వినుచునే యున్నాము. కొడుకు కాంక్రీటు ఇల్లు కట్టినది ఆడంబరమునకు కాదు. ఈ భయము తీరుటకు. తట్టమోతయు, కూలు భయమును లేకుండ పాత ఇంటి చల్లదనము కొత్త ఇంటికి ఎట్లు తేవలెను, అదియు మూడు సెంట్లవాడు భరింపగల ఖర్చులో? ఉత్తరము వ్రాసిన సోదరి కుమార్తె చేయబోవు ఉద్యోగము, సరిగా చేసినచో, ఇదియే.

ఇప్పుడు మాకు ముఖ్యముగా తోచిన సంగతికి వత్తము. వేసవి మధ్యాహ్నము ఇంటిలో నుండునదెవరు? మగవారు పనికి పోదురు. పని లేనివారు రచ్చకట్టపై వేపచెట్టు నీడను చేరుదురు. రాత్రి మిద్దెపై మంచములు వేసికొందురు. వంటయింటిలో పొయ్యివేడికి కప్పువేడి తోడు చేసికొని నిలుచునది గృహిణి. పై మిద్దెమీద పండుకొనుటకు వయసు వచ్చిన పిల్లకు వీలుపడదని, తలుపు గడియ వేసి లోపల పండుకొనబెట్టుదురు. పసిబిడ్డతో బాలింతరాలు లోపలనే, మంచముపట్టిన అత్తగారు లోపలనే. ఇంటి వేడిని అనుభవించిన గంటలు కూడిన అన్నిటికంటె పెద్ద మొత్తము స్త్రీల పద్దులోనే పడును. కాని మనిషికి ఎంత వేడి తగునను శాస్త్రీయమైన కొలత పుట్టినది వీరినుండి కాదు.

పెద్దపెద్ద కార్యాలయములలో ఏసీలు పెట్టుటకు ప్రపంచమంతటను వాడుచున్న సూత్రము 1960 ప్రాంతములలో శీతలదేశములయందు తయారైనది. అందు మనిషి దేహము పుట్టించు వేడికి ప్రమాణముగా తీసికొన్నది సగటు పురుషుని. స్త్రీల విషయమున ఆ లెక్క నూటికి 35 వంతుల వరకు ఎక్కువ చూపవచ్చునని నెదర్లాండ్స్ దేశపు పరిశోధకులు 2015లో ప్రకటించిరి. పట్టణపు కార్యాలయములలో మన అమ్మాయిలు మే నెలలో శాలువ కప్పుకొని కూర్చుండుట చూచి నవ్వువారు ఈ సంగతి యెరుగరు. మన దేశపు నిబంధనలును చాలకాలము 23 మొదలు 26 డిగ్రీల వరకే మనిషికి హాయి యని వ్రాసికొన్నవి. ఆ హద్దులోపల నుండు ఇల్లు వేసవిలో పత్తికొండలో వెదకినను దొరకదు. ఆ హద్దునే నమ్మినచో ఊరంతయు ఏసీలు బిగించుట తప్ప మార్గము లేదు.

ఈ మాటను కొలిచి చూచినవారు మన తెలుగు స్త్రీ యొకరు. వాస్తుశిల్ప విద్యావతియగు శ్రీమతి మాధవీ ఇంద్రగంటిగారు 2008 వేసవిని, తొలకరిని హైదరాబాదులో అయిదు అపార్టుమెంటు భవనములలోని 45 ఇండ్లు తిరిగిరి. నూరుమందికి పైగా మనుష్యులను మాటిమాటికి కలిసికొని, "ఇప్పుడు మీకెట్లున్నది? చల్లగానా, వెచ్చగానా, సరిగానా?" అని అడుగుచు, అదే నిమిషమున గదివేడిని, తేమను, గాలివేగమును కొలిచి వ్రాసికొనిరి. కట్టుబట్ట యెట్టిది, కిటికీ తెరచియున్నదా, ఫ్యాను తిరుగుచున్నదా అనునవి కూడ వ్రాసిరి. ఇట్టి పట్టికలు 3,962 ప్రోగుపడినవి. వానిని లెక్కింపగా హైదరాబాదు ఇంటివారికి సమముగా తోచిన వేడి 29.2 డిగ్రీలని, 26 మొదలు 32.4 వరకు ఓర్చి హాయిగనే యుందురని తేలినది. పుస్తకములోని హద్దుకంటె ఎంత పైన నున్నదో చూడుడు. కిటికీ తెరచుకొనుటకు, పలుచని బట్ట కట్టుటకు, ఫ్యాను క్రిందికి జరుగుటకు స్వేచ్ఛ గలవారు ఏసీ లేకయే చాలవరకు నెట్టుకొనిరాగలరని దీని భావము. ఆ స్వేచ్ఛకు అడ్డువచ్చునవి కూడ ఆమె పట్టించుకొనిరి: దోమలు, దొంగలభయము, ఇరుగుపొరుగు కన్నులు, ఇంట పెద్దలయెదుట కట్టవలసిన కట్టుబట్ట. ఇట్టివి కంప్యూటరులో దొరకవు. ఇంటిలోనికి పోయిన మనిషికే తెలియును. పరాయి పురుషుడు కొలతబద్దతో వచ్చినచో మధ్యాహ్నము పూట ఎన్ని తలుపులు తెరచుకొనునో మేము చెప్పనక్కరలేదు.

ఆమెయు, శ్రీమతి కవితా దర్యాని రావుగారును కలిసి 2010లో ప్రకటించిన మరియొక వ్యాసము మాకు మరింత ముఖ్యముగా తోచినది. ఆడ, మగ, వయస్సు భేదములవలన హాయిలో వచ్చిన తేడా కొద్దిదే. కాని, "ఈ వేడి మాకు ఒప్పుదలయే" అను మాట స్త్రీలును, వృద్ధులును, సొంతయిల్లు గలవారును హెచ్చుగా చెప్పిరి. ధనస్థితివలన మాత్రము గట్టి భేదము కనబడినది. మిక్కిలి తక్కువ రాబడిగలవారికి సమముగా తోచినది 30.2 డిగ్రీలు, 33.1 వరకు వారు ఓర్చిరి.

ఈ సంఖ్యను రెండువిధముల వాడవచ్చును. "24 డిగ్రీల చలి ఎవరికిని అక్కరలేదు, 28లో ఫ్యాను వేసికొనిన చాలును, కరెంటు మిగులును" అనుట ఒకటి. అది మంచిమాట. 2020 జనవరి నుండి స్టారు గుర్తుగల గది ఏసీలన్నియు మొదట 24 డిగ్రీలకే అమర్చి అమ్మవలెనని ప్రభుత్వము నియమించుటయు ఈ త్రోవలోనిదే. రెండవ వాడుక యిది: "బీదవారికి వేడి అలవాటే, ఆడవారు ఓర్చుకొందురు, వారి కప్పుకు ఖర్చెందుకు?" అంకె ఒక్కటే, దానిక్రింద వ్రాయు వాక్యము వేరు. స్త్రీ "ఫరవాలేదు" అనినచో అది ఎంతవరకు హాయి, ఎంతవరకు చిన్ననాటినుండి నేర్పిన ఓర్పు అను సంగతిని నల్లగోళము చెప్పలేదు. ఆ రెంటిని విడదీసి అడుగుట తెలిసినవారు ఆ వాక్యము వ్రాయుచోట కూర్చుండవలెనని మా దృఢాభిప్రాయము. మన పిల్లలు ఈ ఉద్యోగములోనికి పోవలెనని మేము కోరుటకు జీతముకంటె ఇది పెద్ద కారణము.

మాధవిగారు పిమ్మట కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున చేసిన పని విన్నచో మీకు నవ్వును వచ్చును, సంతోషమును కలుగును. అచ్చట మనిషి దేహమువలె వెచ్చగానుండు ఒక బొమ్మ కలదు. దానికి ఆమె చీర కట్టించి, కట్టు మార్చిమార్చి, ఏ కట్టున ఎంత వేడి నిలుచునో సహపరిశోధకులతో కొలిచిరి. సల్వారు, పంచ, లుంగీ, ధోవతి కూడ విడువలేదు. దొరల కోటును, లాగును ఏనాడో కొలిచి గ్రంథములకెక్కించిన శాస్త్రము, కోట్లమంది కట్టు చీరను అంత శ్రద్ధగా చూచుటకు ఇరువదియొకటవ శతాబ్దము రావలసివచ్చెను. పైట భుజముపై కప్పుకొనుట, నడుమున దోపుకొనుట మన తల్లులు ఊరక చేయలేదని ఆ బొమ్మ సాక్ష్యమిచ్చినది. ఒకే బట్టతో ఋతువు మార్చుకొనగల సౌలభ్యము చీరకు కలదు.

కప్పు మాటకు మరల వత్తము. ఉత్తరము వ్రాసిన సోదరికి వెంటనే పనికివచ్చునది అందే యున్నది. హైదరాబాదులో రెండు కార్యాలయభవనముల కప్పులకు తెల్లపూత వేసి, వేయకముందును వేసినపిదపను కరెంటును, వేడిని కొలిచిన పరిశోధన 2012లో ప్రకటితమైనది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారును, హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారును కలిసి చేసినది అది. కర్తలలో సురేఖ తేతలిగారు ఒకరు. నల్లనికప్పు తెల్లబడినచోట ఏటికి చదరపు మీటరుకు 20 మొదలు 22 యూనిట్ల కరెంటు మిగిలినది. చల్లబరచు ఖర్చులో నూటికి 14 నుండి 26 వంతులు తగ్గినది. ఉత్త కాంక్రీటుకు తెల్లపూత వేసినచో 13, 14 యూనిట్లు మిగులునని అంచనా కట్టిరి. ఇవి ఏసీలున్న భవనముల లెక్కలు. ఏసీ లేని ఇంటిలో మిగులునది నిద్ర. దానికి మీటరు లేదు. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లనికప్పుల విధానమును ప్రకటించి, 2028 నాటికి మూడువందల చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచవలెనని లక్ష్యము పెట్టుకొన్నది.

పత్తికొండలో ఇంత దూరము పోనక్కరలేదు. ఉగాదికి గోడలకు వేయు సున్నమునే చిక్కగా కలిపి కప్పుపై రెండు మూడు పూతలు పూసినచో ఎండలో పెద్దభాగము పైనుండియే మరలిపోవును. అయితే సున్నము వానకు కొట్టుకొనిపోవును. వైశాఖపు దుమ్ము పడి ఎర్రబడును. ఏటేట మరల పూయవలెను. తెల్లని పెంకుముక్కలు పరచినచో చాలకాలము నిలుచును, ఖర్చు హెచ్చు. ఇటుకముక్కలను సున్నముతో కలిపి దిమ్మిసతో కొట్టిన పాత పొర కొంత మేలు చేయును, బరువు హెచ్చు. కప్పు ఆగునో లేదో తెలిసినవారిని అడుగకుండ వేయించరాదు. కప్పుకు జానెడు ఎత్తున తడికల నీడ కట్టిన వేడి చాల తగ్గును, గాలివానకు లేచిపోవును. ఏది మేలో, ఏ ఇంటికి ఎంత ఖర్చులోనో తేల్చుట పరిశోధనకు మిగిలియున్న పని. మా సీమలో పగలు రాత్రుల వేడికి చాల తేడా యుండును గనుక, ఉదయము ఎనిమిదికి కిటికీలు మూసి, రాత్రి బయట చల్లబడినపిదప తెరచుట కూడ ఒక వైద్యము. కిటికీకి దోమలవల లేనిచో ఆ వైద్యము పుస్తకములోనే యుండును.

కరెంటు శాఖవారికి కూడ ఈ కప్పుతో పని కలదు. ఓర్వకల్లు దగ్గర వేయి మెగావాట్ల సూర్యవిద్యుత్ క్షేత్రము 2017లో పూర్తియైనది. పగటియెండలో దానివలన కరెంటు సమృద్ధి. కాని కాంక్రీటు కప్పు పగటివేడిని దాచియుంచి, సూర్యుడు క్రుంకినపిదప గదిలోనికి దింపును. ఊరివారు ఏసీలు వేయునది అప్పుడే. సూర్యుని కరెంటు లేనివేళకే సూర్యుని వేడి లోనికి వచ్చును! వేడి దిగు గంటను మార్చుటయో, అసలు దిగనీయకుండుటయో చేసినచో మరియొక కరెంటు కర్మాగారము కట్టు పని కొంత తప్పును. ఈ అమ్మాయిలు జమాఖర్చు వ్రాయునది ఇంటికే గాదు, రాజ్యమునకు కూడ. ధర పడిపోయిన దినములలో రైతులు బజారులో పారబోసిపోవు టమాటలను కొన్నినాళ్లు నిలుపగల చల్లని గది తక్కువ కరెంటుతో నడచుట యెట్లను ప్రశ్నయు ఈ విద్యలోనిదే.

పని యెట్లు జరుగునో పెద్దనాయనగారికి చెప్పవలెను గదా. సగము దినములు కంప్యూటరు ముందు. సంవత్సరమునకు 8,760 గంటలు. గంటగంటకును ఆ ఊరి ఎండ, గాలి, తేమ లెక్కలు ఇచ్చి, కట్టబోవు ఇంటిని ముందుగానే యంత్రములో కట్టి, గది యెంత వేడెక్కునో చూతురు. తక్కిన దినములలో నిజమైన కట్టడములకు పోయి, కప్పుకు పలకలు అంటించి, గాలివేగము కొలిచి, యంత్రము చెప్పినదానికిని ఇంటిలోనిదానికిని పొత్తు కుదిరినదా యని చూతురు. పొత్తు కుదరదు, ఎందుకు కుదరలేదో వెదకుటలో నెలలు గడచును. మే నెలలో మిద్దెలెక్కవలసి వచ్చును. మేస్త్రీలతో, కరెంటు పనివారితో సరిగా మాటలాడుట నేర్వవలెను. సుకుమారమైన పని యని మేము చెప్పము.

ఓటమియు తరచు కలుగును. 1948లో అమెరికాలో డోవరు అను ఊర ఒక ఇల్లు కట్టిరి. చలికాలమున సూర్యుని వేడితోనే దానిని వెచ్చగా నుంచుటకు ఉపాయము కనిపెట్టినది హంగెరీలో పుట్టిన మరియా తెల్కెష్ అను విదుషి. ఇంటి నమూనా గీచినది ఎలినార్ రేమండ్. ధనమిచ్చినది అమీలియా పీబడీ. ముగ్గురును స్త్రీలే. గ్లాబరు లవణము ముప్పదిరెండు డిగ్రీల ప్రాంతమున కరగుచు వేడిని మ్రింగును, గట్టిపడుచు కక్కును. ఆ లవణపు డబ్బాలను గోడలనడుమ పేర్చిరి. రెండు చలికాలములు ఇల్లు వెచ్చగానున్నది. మూడవ చలికాలమున లవణము అడుగుపట్టి, డబ్బాలు తుప్పుపట్టి కారి, ఏర్పాటు చెడినది. తెల్కెష్ పని మానలేదు. వేడిని మ్రింగి కక్కు పదార్థములను కప్పులలోను, గోడలలోను నింపి వేడిదేశములలో గదులను చల్లగా నుంచు ప్రయత్నములు నేటికిని జరుగుచున్నవి.

ఇక చదువు. మెకానికల్, సివిల్, విద్యుత్ ఇంజనీరింగులలో ఏదైనను, లేక వాస్తుశిల్పము చదివినను ఈ దారికి రావచ్చును. ఉష్ణశాస్త్రమును, గణితమును గట్టిగా నేర్వవలెను. అహమ్మదాబాదులోని సెప్టు విశ్వవిద్యాలయమున భవనశక్తికై ప్రత్యేక పరిశోధనకేంద్రము కలదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1947 నుండి ఉన్నది. హైదరాబాదులో సి.ఐ.ఐ. గోద్రెజ్ హరితవ్యాపార కేంద్రపు భవనము, అమెరికా వెలుపల ప్లాటినం మెప్పు మొట్టమొదట పొందినది, 2004లో రాష్ట్రపతి కలాముగారి చేత తెరువబడినది. కళాశాల పిల్లలు పోయి చూడదగినది. దూరమునకు పంపుట యెట్లని తల్లి బెంగ మాకు తెలియును. బస, రాకపోకలు, రాత్రిపూట పని యుండునా అను మూడు సంగతులు చేరకముందే వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలెనని మా సలహా. అడిగినందులకు నొచ్చుకొను చోట చేరకుండుటయే మంచిది.

ఈలోపల చదువరులందరికిని ఒక పని అప్పగించుచున్నాము. బజారులో దొరకు గోడధర్మామీటర్లు రెండు తెచ్చి, పదిదినములు ఒక మట్టిమిద్దెలోను, ఒక కాంక్రీటు ఇంటిలోను, కప్పుకు రెండడుగుల క్రింద, ఎండయు పొయ్యిసెగయు తగులనిచోట ఉంచుడు. ఉదయము ఆరు, మధ్యాహ్నము రెండు, సాయంకాలము ఆరు, రాత్రి పది గంటలకు అంకెలు వ్రాయుడు. ప్రక్కనే, ఆ వేళకు గదిలో ఎవరుండిరో, రాత్రి నిద్రపట్టినది ఎప్పుడో వ్రాయుడు. వీలున్నవారు ఆరవనాడు కాంక్రీటు కప్పుకు సున్నము పూయించి, తక్కిన అయిదు దినముల అంకెలు వేరుగా చూపుడు. ఊరిపేరు, కప్పురకము, మందము చేర్చి జ్యేష్ఠమాసాంతమునకు మాకు చేరునట్లు పంపినచో, ఆషాఢపు సంచికలో పట్టికగా అచ్చువేయుదుము.